మా అత్త కంట్లో నేను వేసిన చుక్కలు

మా అత్తకు పొద్దున్నే కళ్లు వాచేవి. నేను ఎమ్మిగనూరుకు కోడలిగా వచ్చిన కొత్తలో తెల్లవారి ఆమె ముఖం చూసి హడలిపోయాను. రాత్రంతా ఏడ్చిందేమో, నేనేం తప్పు చేశానో అని. ఏడుపూ లేదు, గీడుపూ లేదు. ముప్ఫై ఏళ్లు మగ్గం పని చేసిన కళ్లు అవి. పగలంతా నూలు పోగుల్ని చూస్తూ కూర్చోవడం, పోగుల నుంచి లేచే దూది నుసి కళ్లల్లో పడటం, దురద పుడితే అదే చేత్తో నలుపుకోవడం. తెల్లారేసరికి కింది రెప్పలు ఉబ్బి, కళ్లు సగమే తెరుచుకునేవి. తొమ్మిదింటికల్లా వాపు దానంతట అదే దిగిపోయేది. దాన్ని ఆమె జబ్బు కింద లెక్కే వేసేది కాదు.

ఆమె వైద్యం ఆమెకుండేది. కుండలో చల్లటి నీళ్లు తీసి, మెత్తటి పాత పంచె గుడ్డ అందులో ముంచి పిండి, కళ్లు మూసుకుని పది నిమిషాలు రెప్పల మీద వేసుకునేది. రాత్రి అన్నంలో ఊరగాయ ఎక్కువైతే పొద్దున వాపు ఎక్కువుంటుందని తనే కనిపెట్టి, రాత్రిపూట ఊరగాయ ముట్టుకోవడం మానేసింది. ఇక అమావాస్య వచ్చిందంటే మా ఇంట్లో పెద్ద కార్యక్రమం. నేతగాళ్ల ఇళ్లల్లో ఆ రోజు మగ్గం ఆడదు కదా, అందుకని కళ్లకు వైద్యం ఆ రోజే పెట్టుకునేది. ముందురోజు సాయంత్రమే నందివర్ధనం పూలు కోసి నీళ్లల్లో వేసి ఉంచేది. పొద్దున నన్నూ మా ఆయననూ చాప మీద పడుకోబెట్టి, మూసిన రెప్పల మీద తడి పూలు పెట్టి, “కదిల్తే సూడండి” అని పక్కనే కాపలా కూర్చునేది. మామ పోయి చాలా ఏళ్లయింది. ఇంట్లో ఉన్నది మేం ముగ్గురమే, మా ముగ్గురికీ పెద్ద డాక్టరు ఆమె.

మా ఆయన బుద్ధిగా పడుకునేవాడు. నాకేమో నవ్వు ఆగేది కాదు. ఒకసారి పూలు కళ్ల మీద పెట్టుకుని నోరు తెరిచి నిద్రపోతున్న మా ఆయనను ఫోటో తీసి, ఆదోనిలో ఉన్న మా చెల్లెలికి పంపించాను. ఇద్దరం ఫోన్లో పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాం. నాది ఆదోని. డిగ్రీ చదివాను. మందు చీటీ మీద ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోకుండా చదివే మనిషి ఆ ఇంట్లో నేనొక్కదాన్నే. ఆ పొగరు నాకు ఇంతా అంతా ఉండేది కాదు.

ఒక ఏడు పత్తి సీజన్లో మా అమ్మ దగ్గర పది రోజులు ఉందామని ఆదోనికి వెళ్లాను. మా అమ్మ వాళ్ల వీధి వెనకే జిన్నింగు మిల్లు. పత్తి బండ్లు వచ్చినన్నాళ్లూ ఆ వీధిలో గాలి కూడా దూదిగానే ఉంటుంది. పుట్టి పెరిగినప్పుడు ఏమీ కాలేదు గానీ, ఆ ఏడు నా కళ్లు మాత్రం ఎర్రబడి, వాచి, ఒకటే దురద. కంటి డాక్టరు దగ్గరికి వెళితే చూసి, చుక్కల మందు రాసిచ్చాడు. “వారం రోజులే వేసుకోండమ్మా. తగ్గినా తగ్గకపోయినా తర్వాత ఆపేయండి. సీసా దాచుకుని మళ్లీ మళ్లీ వాడొద్దు” అన్నాడు. ఆయన ఆ మాట అంటూ ఆ చీటీ మీద ఏడు అంకె చుట్టూ గీత గీశాడు. నేను తలూపాను. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. నాకు తెలియక చేశాను అనుకోవద్దు ఎవరూ.

మూడు రోజుల్లో నా కళ్లు తేటగా అయిపోయాయి. సగం సీసా మిగిలింది. పారేయడానికి చేయి రాలేదు. బ్యాగులో వేసుకుని ఎమ్మిగనూరు వచ్చేశాను. వచ్చిన మర్నాడు పొద్దున అత్త ఎప్పటిలాగే తడిగుడ్డ కళ్ల మీద వేసుకుని గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

“అత్తా, ఈ గుడ్డలు, పువ్వులు ఎన్ని దినాలని ఏసుకుంటావు? ఇట్ల రా, ఒక సుక్క ఏస్తా” అన్నాను.

“మండుతాదేమో మ్మే.”

“రోంత మండుతాది, అంతే. సిన్న పిల్లవా ఏమన్నా?”

నాలుగో రోజుకు ఆమె కళ్లల్లో ఎరుపన్నది లేదు. దురద లేదు, పొద్దున వాపు సగానికి సగం తగ్గింది. ఆమె సంబరం చూడాలి! వీధిలో నీళ్ల దగ్గర, గుడి దగ్గర, నూలు తెచ్చేచోట, కనపడిన వాళ్లందరికీ కళ్లు పెద్దవి చేసి చూపించింది. “సూడండి, ఎట్ల తెల్లగైనాయో! మా కోడలు సదువుకున్న పిల్ల. దాని సేతి మందు” అని. నేను లోపల వంట చేస్తూ వింటూ మురిసిపోయాను. అంతకు ముందు ఆమె నన్ను ఎవరి ముందూ అంతగా మెచ్చుకున్నది లేదు. చారులో పులుపు ఎక్కువైందనో, ముగ్గు వంకర పోయిందనో ఏదో ఒకటి అంటూనే ఉండేది. ఇప్పుడు ఆమె నా చేతికింద ముఖం ఎత్తి కూర్చుంటోంది. నాకు అది బాగుండింది. చాలా బాగుండింది, ఏం దాచాలి?

సీసా అయిపోయింది. మొదట్లో కళ్లు బాగైతే ఆపేవాళ్లం, దురద మొదలైతే మళ్లీ వేసేవాళ్లం. తర్వాత ఆపడం అన్నదే మరిచిపోయాం. నేను ఆదోనికి వెళ్లినప్పుడల్లా ఖాళీ సీసా తీసుకెళ్లి మందుల షాపులో చూపిస్తే, అదే రకం కొత్తది చేతిలో పెట్టేవాళ్లు. చీటీ ఏదని ఎవరూ అడగలేదు. అడిగుంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో. అడిగినా నేను ఊరుకుని ఉండేదాన్ని కాదు, ఇంకో షాపుకు పోయేదాన్ని. నాకు నా సంగతి తెలుసు. మా ఆయన మగ్గం మీద ఉండగానే మందు వేసేదాన్ని, మొదటి సీసాతోనే అది ఆగిపోయిందని ఆయన అనుకున్నాడు. ఇట్లా ఏడాదిన్నర గడిచింది.

ఈ ఏడాదిన్నరలో ఆమెకు చూపు పోతూ వచ్చింది. అదే ఇంట్లో, నా కళ్ల ముందే. నేను చూడలేదు. చూడలేదంటే కనపడలేదని కాదు. పక్కన పెట్టిన నీళ్ల చెంబు కాలికి తగిలి ఒలికిపోయేది. తలుపు దాటుతుంటే భుజం తలుపుచెక్కకు కొట్టుకునేది. నేను పక్కనుంచి వెళ్లి “అత్తా” అంటే ఉలిక్కిపడి, “యాడ నుండి వచ్చినావే?” అనేది. వయసు మీద పడుతోంది అనుకున్నాను. పరాకు ఎక్కువైంది అని విసుక్కున్నాను కూడా.

ఇంకో సంగతి ఉంది. మమ్మల్ని మోసం చేసింది ఆమె వేళ్లు. నేతలో అచ్చు అతకడం అని ఒక పని. మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోతే మిగిలిన పాత పోగుల కొసలకు కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటే కలపాలి. వేలికి కాస్త బూడిద అద్దుకుని, రెండు కొసలూ పట్టుకుని ఒక్క మెలి తిప్పితే అతుక్కుపోతుంది. అట్లా వేల పోగులు. మా వీధిలో ఆ పనికి మా అత్తను మించిన వాళ్లు లేరు. మాట్లాడుతూ, ఊళ్లో సంగతులు చెప్తూ, పోగుల వైపు చూడను కూడా చూడకుండా అతికేది. అప్పుడూ చూడకుండానే అతికేది, చూపు పోతున్నప్పుడూ చూడకుండానే అతికింది. ఇంకెక్కడో అయితే, సూదిలో దారం ఎక్కించలేనప్పుడే ఇంట్లో వాళ్లకు అనుమానం వచ్చి ఉండేది. మా ఇంట్లో వేల పోగులు రోజూ అతుకుతున్న మనిషికి కళ్లు కనపడవని ఎవరనుకుంటారు?

ఒక్కసారి మాత్రం బయటపడింది. ముదురాకుపచ్చ అంచు చీరలు అవి. అంచులో ఆకుపచ్చ పోగుల మధ్య అక్కడక్కడ నల్లవి కలిశాయి. రెండు మూరలు నేసిన తర్వాత గానీ మా ఆయన గమనించలేదు. అదంతా విప్పాల్సి వచ్చింది. ఆయన ఏమీ అనలేదు. నేనే అన్నాను.

“కండ్లు యాడ పెట్టుకొని సేసినావత్తా?”

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే నా నోట్లో ఇంత మట్టి కొట్టుకోవాలనిపిస్తుంది. ఆమె మామూలుగా అయితే నాకు నాలుగు తిరిగి ఇచ్చేది. ఆ రోజు మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని, “మబ్బు మబ్బుగా కనపడ్తాంది మ్మా” అన్నది. మబ్బుగా ఉందంటే నేనేం చేశాను? పూటకు ఒక చుక్క వేసేదాన్ని, రెండు వేయడం మొదలుపెట్టాను.

ఆ తర్వాత నెల తిరక్కముందే ఒక మధ్యాహ్నం ఆమె గుంటలో పడింది. మాది గుంట మగ్గం. నేలలో మోకాలి లోతు గుంట ఉంటుంది, అందులోకి కాళ్లు దించి కూర్చుని నేస్తారు. మా ఆయన భోజనానికి లేచి పెరట్లో చేతులు కడుక్కుంటున్నాడు. ధభీమని చప్పుడు వినిపించి నేను వంటింట్లోంచి పరుగెత్తాను. అత్త గుంటలో ఒక కాలు మడతపడి, నేసేవాళ్లు కూర్చునే పలక మీద చేయి పెట్టుకుని ఉంది. పెళ్లయి ఆ ఇంటికి వచ్చినప్పటి నుంచి రోజుకు వంద సార్లు ఆ గుంట పక్కన తిరిగిన మనిషి. ఇద్దరం కలిసి పైకి తీసి కూర్చోబెట్టాం. మోకాలు గీరుకుపోయింది, అంతకు మించి దెబ్బ లేదు.

“గుంట ఉండాదని తెల్దా మ్మా నీకు?” అన్నాడు మా ఆయన.

“తెల్సప్పా. ఈడుండాదనుకోల్యా.”

ఆ మాట నాకు నచ్చలేదు. ఆమె ముందు కూర్చుని, నా అరచేత్తో ఆమె ఎడమ కన్ను మూశాను. రెండో చేతి వేళ్లు ఆమె ముఖం ముందు పెట్టి, “ఎన్ని, అత్తా?” అన్నాను.

ఆమె చిరాకుపడింది. “రెండు కండ్లూ మూసి సూడమంటే యాడ కనపడ్తాది మ్మే?”

నేను మూసింది ఒక్కటే. కుడి కన్ను తెరిచే ఉంది, నా వైపే ఉంది. తెల్లగా, ఎరుపు లేకుండా, వాపు లేకుండా.

మర్నాడు ముగ్గురం బస్సెక్కి ఆదోనికి పోయాం. ఈసారి వేరే ఆసుపత్రి, ఒక డాక్టరమ్మ. చుక్కలు వేసి కూర్చోబెట్టారు, యంత్రంలో గడ్డం పెట్టించారు, కళ్లల్లోకి దీపం కొట్టారు. పొద్దున వెళితే మధ్యాహ్నం దాటింది. చివరికి డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. కంటి లోపల ఒత్తిడి బాగా పెరిగిందట. నీటికాసులు అంటారట దాన్ని. నొప్పి లేకుండా, చెప్పకుండా చేయకుండా లోపలి నరాన్ని తినేస్తుందట. కుడి కన్ను పోయింది, ఇక రాదు. ఎడమ కంటిలో పక్కల చూపు పోయింది, మధ్యలో కాస్త మిగిలింది. రోజూ మందు వేసుకుంటే అది నిలబడుతుంది, మానేస్తే అదీ పోతుంది.

“ఇంతకు ముందు కంట్లో చుక్కల మందు ఏమైనా వాడారా?” అని అడిగింది.

సీసా నా బ్యాగులోనే ఉంది. డాక్టరుకు చూపిద్దామనే తెచ్చాను, దేవుడి మీద ఒట్టు. జిప్పు మీద చేయి కూడా పెట్టాను. నేను నోరు తెరిచేలోపే అత్త అందుకుంది.

“వాడినా తల్లీ. కండ్లు ఉబ్బుతాండాయని నేనే తెచ్చుకున్యా, మందుల అంగట్లో. ఏడాది దాటింది. సిన్న తెల్ల సీసా.”

డాక్టరమ్మ పెద్దగా ఊపిరి వదిలింది. అట్లాంటి మందు నెలల తరబడి వేస్తే కంట్లో ఒత్తిడి పెరుగుతుందని, ఎంతమందికి చెప్పినా వినరని అంది. “వాపుకు ఇదంతా ఎందుకమ్మా? చల్లటి నీళ్లల్లో ముంచిన శుభ్రమైన గుడ్డ కళ్లు మూసుకుని వేసుకుంటే చాలు. రాత్రి ఉప్పు తగ్గించుకోండి, కంటినిండా నిద్రపోండి, కళ్లు నలపకండి. నూలు దుమ్ములో పని చేసి వచ్చాక చేతులు కడుక్కోకుండా కళ్లు తాకకండి. అప్పటికీ వాపు పోకపోతే, కాళ్లు కూడా వాస్తుంటే, బీపీ, మూత్రం పరీక్ష చేయించుకోవాలి. అంతేగానీ మేం చెప్పకుండా కంట్లోకి ఏదీ వేయకూడదు. తేనె గానీ, ఆకు పసరు గానీ, మందుల షాపు చుక్కలు గానీ.” గుడ్డ సంగతీ, ఉప్పు సంగతీ నా పెళ్లి కాకముందు నుంచే మా అత్తకు తెలుసు. ఆమెను వాటి నుంచి మాన్పించింది నేను. నేను జిప్పు మీద చేయి అట్లాగే పెట్టుకుని కూర్చున్నాను. తీయలేదు.

తిరుగు బస్సులో మా ఆయన వాళ్లమ్మను తిడుతూనే ఉన్నాడు. భయంతో తిట్టాడు, నాకు తెలుసు, కానీ తిట్టాడు. “నీకు సదువు రాదు, ఏం రాదు. ఇంట్లో సదువుకున్న కోడలుండాది కదా! ఈ మందు మంచిదా కాదా అని దాన్నొక మాట అడిగింటే నీ సొమ్మేం పోయింటాది మ్మా?” బస్సులో నలుగురూ తిరిగి చూశారు. అత్త తల వంచుకుని, “నాది తప్పే లేప్పా, తప్పే” అంది. నేను వాళ్లిద్దరి మధ్య కూర్చుని ఉన్నాను. ఇద్దరి మాటలూ నా మీదుగానే అటూ ఇటూ పోతున్నాయి. ఒక్క మాట, ఒకే ఒక్క మాట అనలేకపోయాను. ఇంటికి వచ్చాక ఆ సీసాను పాత పేపర్లో చుట్టి చెత్తబండిలో వేశాను. దొంగపని చేసిన మనిషికి ఎన్ని తెలివితేటలో.

అప్పటి నుంచి పొద్దున ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ నా ఫోన్లో అలారం మోగుతుంది. ఎక్కడున్నా ఏం చేస్తున్నా వదిలేసి చేతులు సబ్బుతో కడుక్కుని వస్తాను. కింది రెప్ప మెల్లగా లాగి, సీసా మొన తగలకుండా ఒకే ఒక్క చుక్క. కళ్లు మూయించి, ముక్కు పక్కన వేలితో రెండు నిమిషాలు నొక్కిపట్టాలి. ఒక్క పూట తప్పలేదు. పెళ్లిళ్లకు పోలేదు, మా అమ్మ దగ్గరికి పోయినా సాయంత్రం బస్సుకే వచ్చేశాను. వీధిలో వాళ్లు, “కన్నకూతురు కూడా ఇట్ల సేయదు” అంటున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా లోపలికి పోయి తలుపు వేసుకోవాలనిపిస్తుంది.

అత్త మాత్రం మారిపోయింది. మెత్తబడిపోయింది. ఏం వండినా “బాగుండాది మ్మా” అంటుంది. నేను ఆలస్యంగా లేచినా ఏమీ అనదు. డాక్టరమ్మ ముందు నా తప్పు తన మీద వేసుకుందే, అది నా మీద ప్రేమతోనే అనుకున్నాను. కోడలిని ఇంత ప్రేమించే మనిషిని నేను గుడ్డిదాన్ని చేశానే అని రోజూ కుమిలిపోయాను. ఆ ప్రేమే నన్ను తినేసింది. ఆరు నెలలు మోశాక ఇక నావల్ల కాలేదు.

మొన్న ఒక సాయంత్రం, మా ఆయన నూలు తేవడానికి పోయినప్పుడు, మందు సీసా చేతిలో పట్టుకుని ఆమె ముందు కూర్చున్నాను.

“అత్తా, వారమే వాడమన్యాడు ఆ డాక్టరు. మళ్లీ వాడొద్దని నాకు సెప్పినాడు. నాకు తెలుసు. తెలిసే ఏసినా.”

ఆమెకు ఆ సంగతి తెలియదు. నాకూ తెలియక వేశాననుకుంది ఇన్నాళ్లూ.

“తెలుసునా?”

“తెలుసు.”

కొడితే బాగుండు, తిడితే బాగుండు అని చూశాను. ఆమె చీర కొంగు వేళ్లతో తడుముకుంటూ ఉండిపోయింది. నేనే మళ్లీ అన్నాను. “ఈ పొద్దు ఆయనకు అంతా సెప్పేస్తా. నా తప్పు నువ్వెందుకు మోస్తావు?”

చటుక్కున నా మణికట్టు పట్టుకుంది. ఎంత గట్టిగానో!

“వద్దు. వానికి సెప్పొద్దు.”

“నన్నెందుకత్తా కాపాడతావు?”

“నిన్ను కాదు మ్మే, నన్ను” అంది. “వానికి తెలిస్తే ఊరుకుంటాడా? అరుస్తాడు. నువ్వు అలిగి ఆదోనికి పోతావు. పోతే నాకు యాలకు మందెవరేస్తారు? వాడు మగ్గం దిగి వచ్చి ఏస్తాడా? ఉన్న ఈ రోంత సూపు నీ సేతిలో ఉండాది. ఆ పొద్దు డాక్టరమ్మ సుక్కల సంగతి అడిగినప్పుడే, ఇది వాటి పనేనని తెలిసి అనుకున్యా. రోజూ మందేసుకోవల్లని సెప్పింది కదా, ఏసేది నువ్వే కదా అని.”

ప్రేమ అనుకున్నదంతా భయం. ఆరు నెలలుగా ఆమె బాగుందని తిన్న ప్రతి ముద్దా భయమే. నా మీద నోరు పారేసుకోవడానికి కూడా ఆ ఇంట్లో ఆమెకు ధైర్యం లేకుండా చేశాను.

అలారం మోగింది. ఆమె నా చేయి వదిలి, గోడకు తల ఆనించి ముఖం పైకెత్తింది. మొదటి చుక్క గురి తప్పి చెంప మీద పడింది. తుడిచి, రెండోది వేశాను. ముక్కు పక్కన వేలు పెట్టి నొక్కిపట్టాను. ఆమె కళ్లు మూసుకునే, నా వైపు ముఖం కొంచెం తిప్పి, మెల్లగా అడిగింది.

“నా మీద కోపమొచ్చిందా మ్మా?”